రూమ్‌మేట్ ఎంపికతోనే సరిపోదు, ఒప్పందమూ అవసరమే

అండమాన్ రాజధాని శ్రీవిజయపురం (పూర్వపు పోర్ట్‌బ్లెయిర్) చెంత ఉన్న బతు బస్తీ వంటి ప్రాంతాల్లో అద్దె ఇంటిని పంచుకోదలచినవారికి తగిన మనిషి దొరకడంతోనే సమస్య తీరదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. మన జిల్లావాడన్న నమ్మకంతో నోటిమాట మీదే వాటాకు ఒప్పుకోవడం సహజం. అయితే ఆ మాట ఇంటి యజమానిని బంధించదు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం, అనుబంధ ఒప్పందం లేకుండా ఇంట్లో కొంత భాగాన్నైనా అద్దెదారు మరొకరికి అద్దెకివ్వరాదు. యజమాని లిఖితపూర్వక అనుమతి లేకుండా అప్పగిస్తే, ఖాళీ చేయించడానికి అదే కారణం కాగలదు. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. అండమాన్, నికోబార్ దీవుల అద్దె నిబంధనావళికి 2023 అక్టోబరు 4న మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

ఒప్పందంలో పేరున్న వ్యక్తి బదిలీపై వెళ్లిపోతే, రెండోవారు ఇచ్చిన అడ్వాన్సుకు ఆధారమే మిగలదు. రెండోవారు చెప్పకుండా ఖాళీ చేస్తే పూర్తి అద్దె మొదటివారిపైనే పడుతుంది. కనుక వంట, వేళలు, ఖర్చుల లెక్క కుదిరిన వెంటనే ఇద్దరి పేర్లనూ ఒప్పంద పత్రంలో చేర్పించుకోవడమే ఉభయులకూ క్షేమం.