ముప్ఫై అయిదు తక్కువ!

మా ఎర్రగడ్డలో రెండు బజార్లున్నాయి. ఒకటి రైతుబజారు. టమాటా కిలో ఇంత, బెండకాయ ఇంత అని బోర్డు మీద రాసుంటుంది. రెండోది ఆదివారం రోడ్డు పక్కన పరుచుకునే పాత సామాన్ల సంత. అక్కడ బోర్డూ ఉండదు, గ్యారంటీ అసలే ఉండదు, మీ నోరే మీకు దిక్కు. ఈ రెంటికీ పోలిక లేదుగానీ ఒక్క విషయంలో మాత్రం ఒకటే: ఎంత అని అడిగితే రూపాయల్లో చెప్తారు.

ఇప్పుడు మూడో బజారొకటి పిల్లల ఫోన్లలోకి వచ్చింది. ఆట ఉచితం. ఆటలో తుపాకీకి రంగు, మనిషికి చొక్కా, గెలిచాక వేసే స్టెప్పు, వీటికి మాత్రం డబ్బులు. అమ్మడంలో నాకు అభ్యంతరం లేదండీ. నేనూ సాఫ్ట్‌వేర్ రాసుకుని బతికేవాణ్ణే. సర్వర్లు ఊరికే తిరగవు, జీతాలు ఎవరో ఒకరు ఇవ్వాలి. కొంతమంది సరదాపడి కొనుక్కుంటే ఆ డబ్బుతో మిగతావాళ్ళు ఉచితంగా ఆడుకుంటారు. బాగానే ఉంది. నా పేచీ అల్లా ధర చెప్పే పద్ధతితోనే.

ఉదాహరణకి బీజీఎంఐ తీసుకుందాం. 2020 సెప్టెంబర్లో మన దగ్గర పబ్జీ మొబైల్ని నిషేధించాక, 2021 జులైలో దాని స్థానంలో వచ్చిన ఆట. ఇందులో చెల్లే నాణెం పేరు యూసీ. అప్పట్లో యూసీల ప్యాకెట్లు ఇలా ఉండేవి: 60; 300 మీద 25 బోనస్; 600 మీద 60; 1500 మీద 300; 3000 మీద 850; 6000 మీద 2100. నెలవారీ రాయల్ పాస్ ఖరీదు అప్పుడు 360 యూసీలు ఉండేది.

ఇప్పుడు లెక్కెయ్యండి. 325 ప్యాకెట్టు కొంటే పాస్‌కి ముప్ఫై అయిదు తక్కువ! సరే అని ఇంకో 60 కొంటే 385 అవుతాయి, పాతిక మిగులుతాయి. పై రకం పాస్ 960. దానికి 660, 325 కలిపి కొంటే 985. మళ్ళీ అదే పాతిక! పర్సులో పాతిక ఉంటే వదిలెయ్యబుద్ధి కాదు కదా, ఇంకొంచెం వేస్తే ఏదో వస్తుందనిపిస్తుంది. ఆడితే కొన్ని యూసీలు వెనక్కి వస్తాయి, నిజమే. కానీ అవి కూడా ఆ పర్సులోకే వస్తాయి, మన బ్యాంకులోకి కాదు. ఉద్దేశం ఏదైనా కానివ్వండి, జరిగేది ఇదీ.

ఇంకో తమాషా చూడండి. 60 ప్యాకెట్టుకి బోనస్ సున్నా. 300కి సుమారు 8 శాతం, 6000కి 35 శాతం. అంటే పాకెట్ మనీతో కొనే కుర్రాడికే అందరికంటే తక్కువ గిట్టుబాటు. "ఎక్కువ కొంటే తగ్గింపు ఎక్కడైనా ఉండేదేగా" అంటారేమో. బియ్యం బస్తా కొంటే కొట్టువాడికి ప్యాకింగూ, తూకం శ్రమా కలిసొస్తాయి. 6000 యూసీలు మొయ్యడానికి ఏ హమాలీ కావాలి? డేటాబేసులో ఒక అంకె మారుతుందంతే. పోనీ చిన్న పేమెంటుకి ఖర్చెక్కువ అందామా అంటే, యాప్ స్టోర్లు తీసుకునే కమీషను శాతం లెక్కన. అదలా ఉంచండి, షాంపూ విషయంలో మన దేశంలో చాలాసార్లు సీసా కన్నా రూపాయి ప్యాకెట్టే చవక పడుతుంది!

ఇక బండిల్ సంగతి. మాకు ఫిల్మ్‌నగర్ ఎంతో దూరం లేదు కాబట్టి సినిమా ఉదాహరణే చెప్తాను. ఒకప్పుడు అమెరికాలో టీవీ స్టేషన్లకి పాత సినిమాలు విడిగా అమ్మేవాళ్ళు కాదు. "కాసాబ్లాంకా" కావాలంటే "గొరిల్లా మాన్" లాంటివి కూడా కొనాల్సిందే. 1962లో అక్కడి సుప్రీం కోర్టు ఇది కుదరదంది. మర్నాడే అన్నట్టు 1963లో జార్జ్ స్టిగ్లర్ అనే ఆర్థికవేత్త దీని వెనక లెక్క విప్పి చెప్పాడు: కొనేవాళ్ళ అభిరుచులు వేరువేరుగా ఉన్నప్పుడు, విడివిడిగా అమ్మడం కన్నా కలిపి ఒకే రేటుకి అమ్మితే ఎక్కువ రాబట్టొచ్చు. ఆటల్లోనూ అదే లెక్క. చొక్కా కావాలంటే హెల్మెట్టూ, పారాచూటూ అంటగడతారు. పైన ఎర్రరంగులో గడియారం తిరుగుతూ ఉంటుంది. తేడా ఏంటంటే, టీవీ స్టేషన్‌కి అకౌంటెంటు ఉంటాడు. ఇక్కడ కొనేది చాలాసార్లు ఏడో తరగతి పిల్లాడు.

మరి దీనికి మార్గం లేదా? ఉంది. 2006లో "ఆబ్లివియన్" ఆటలో గుర్రానికి కవచం అమ్మితే జనం నవ్వుకున్నారు. దాని ధర 200 మైక్రోసాఫ్ట్ పాయింట్లు. 80 పాయింట్లు ఒక డాలరు కాబట్టి రెండున్నర డాలర్లన్నమాట. ఆ పాయింట్ల గొడవని మైక్రోసాఫ్టే 2013లో ఎత్తేసి మామూలు డబ్బుల్లో ధరలు పెట్టింది. కొంపలేమీ మునగలేదు. 2025 మార్చిలో యూరప్ వినియోగదారుల సంస్థలు, "స్టార్ స్టేబుల్" అనే గుర్రాల ఆట మీద చర్య మొదలుపెడుతూ, అందరికీ వర్తించే సూత్రాలు చెప్పాయి: వస్తువు ధర అసలు డబ్బుల్లో కూడా చూపించాలి, అక్కర్లేని నాణేలు బలవంతంగా కొనిపించకూడదు.

మన దగ్గర 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటల్ని నిషేధించింది. మంచిదే. కానీ డబ్బు తిరిగొస్తుందన్న ఆశ లేకుండా చొక్కాలు కొనే ఈ ఆటలు ఆ నిషేధం కిందికి రావు. 2023 నవంబర్లో కేంద్రం మోసపూరిత డిజైన్ల మీద మార్గదర్శకాలిచ్చి 13 రకాలు పేర్కొంది. లేని తొందర పెట్టడం అందులో ఒకటి. నాణేల ప్యాకెట్లకి విడిగా పద్దు లేదు. అది చేర్చాలని నా వాదన.

"ఒక్కొక్కరు ఒక్కో రేటుకి కొంటారు, ఏ రూపాయి చూపించాలి?" అని మా వృత్తివాళ్ళే అడుగుతారు. నాయనా, ఎవరు ఎంతకి కొన్నారో నీ డేటాబేసులోనే ఉంది! గుణించి చూపించు. 35 తక్కువైతే సరిగ్గా 35 అమ్ము. అంత కష్టమైన కోడేం కాదు.

అది జరిగేలోపు ఇంట్లో పిల్లలు అడిగినప్పుడు తిట్టకండి. కాగితం, పెన్ను ఇచ్చి మూడు ప్రశ్నలకి జవాబు రాయమనండి: వస్తువు ఎన్ని రూపాయలు, కొనాల్సింది ఎన్ని రూపాయలకి, మిగిలేది ఎంత. ఆ లెక్క వేశాక కూడా కావాలంటే కొనిపెట్టండి. కనీసం కొంటున్నది ఎంతకో వాడికి తెలుస్తుంది.