‘మానవ తప్పిదం’ అని రాసి చేతులు దులుపుకోవద్దు

జీఎస్-3లో సైబర్ భద్రత ప్రశ్న వస్తే మనలో చాలామంది ‘బ్యాకప్ తప్పనిసరి’ అని ఒక పాయింట్ రాసి ముందుకు వెళ్లిపోతాం. ఆ పాయింట్ సగం నిజమే.

ఒక కార్యాలయంలో ఎవరు ఉద్యోగి, ఎవరికి ఏ ఫైలు తెరిచే హక్కు ఉందో చెప్పేది డైరెక్టరీ. మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీ ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. అందులో ఒక విభాగం ఖాతాలు పొరపాటున తొలగిపోతే, ఆ విభాగంలో ఎవరూ లాగిన్ కాలేరు. ‘నాలుగు సర్వర్లలో కాపీ ఉంది కదా’ అంటారా? ఆ నాలుగూ ఒకదాన్ని చూసి ఒకటి మారతాయి. తొలగింపు కూడా అలాగే పాకుతుంది. పాత బ్యాకప్‌ను ఒక సర్వర్‌లో మామూలుగా పెట్టినా మిగతావి మళ్లీ చెరిపేస్తాయి. ఇదే చెల్లుబాటు అని ప్రత్యేకంగా గుర్తు పెట్టాలి. విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి దీనికి రీసైకిల్ బిన్ ఉంది. కానీ ముందే ఆన్ చేసుకోవాలి. పోయాక ఆన్ చేసి లాభం లేదు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లో డేటాబేస్ డైరెక్టరీ తొలగించాడు. సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. అయిదు రకాల రక్షణ ఏర్పాట్లలో ఒక్కటీ సరిగా పనిచేయలేదు. బ్యాకప్ విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. చివరికి ఆదుకున్నది, ఆరు గంటల ముందు వేరే పని కోసం అదే ఇంజినీరు తీసిన స్నాప్‌షాట్! సంస్థ అతన్ని బలిచేయలేదు. లోపాలన్నీ బహిరంగంగా రాసింది.

‘శిక్ష లేకపోతే క్రమశిక్షణ ఎలా?’ అని మీరు అడగవచ్చు. నిర్లక్ష్యానికి శిక్ష ఉండాల్సిందే. కానీ కింది ఉద్యోగిని సస్పెండ్ చేసి ఫైలు మూసేస్తే, బ్యాకప్‌ను ఏనాడూ పరీక్షించని అధికారి సుఖంగా తప్పించుకుంటాడు. రేపు తప్పు చేసినవాడు భయంతో దాచిపెడతాడు. అప్పుడు పోయేది విలువైన సమయం.

2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ సైబర్ ఘటనలను ఆరు గంటల్లో నివేదించాలంది. మంచిదే. కానీ నివేదించడం వేరు, తిరిగి నిలబెట్టడం వేరు. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌పై సైబర్ దాడి జరిగినప్పుడు పనులు చేత్తో రాసి నడపాల్సి వచ్చింది. కారణం దాడి అయినా, పొరపాటు అయినా, క్యూలో నిలబడేది రోగే.

కాబట్టి ఈసారి ‘బ్యాకప్ ఉండాలి’ అని ఆపేయకండి. ‘చివరిసారి దాన్ని ఎప్పుడు రీస్టోర్ చేసి చూశారు, ఎన్ని గంటలు పట్టింది?’ అని రాయండి. రేపు ఆ కుర్చీలో కూర్చుంటే, మొదటి వారంలోనే అడగండి.