పసిపాదములకు వేసవి చెప్పులు



చైత్రము ప్రవేశించినది మొదలు మన యిండ్లలో వేసవి ప్రయత్నములు సాగుచుండును. వడియములు పెట్టుకొందుము, కారము కొట్టించుకొందుము, ఆవకాయ జాడీలు కడిగి యెండబెట్టుకొందుము, క్రొత్త కుండ తెచ్చి యిసుకలో నిలుపుదుము. పిల్లలకు పలుచని నూలు చొక్కాలు కుట్టింతుము. ఇన్నియు జ్ఞాపకముంచుకొను మనము వారి పాదములను మాత్రము మఱచిపోదుము. పెండ్లికో పండుగకో కొన్న చెప్పులు మూలనున్నవి గదా యని యూరకుందుము. ఈ నెల మేము ఆ చెప్పులను గూర్చియే కొంత ముచ్చటింపదలచితిమి.

మేముండు దొర్నిపాడు నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డకు చేరువనున్న యూరు. ఇది నల్లరేగడి సీమ. వానకాలమున కాళ్లకు బంకవలె అంటుకొను నేలయే వేసవిలో నెఱ్ఱెలు విచ్చి, పసిబిడ్డ పాదము ఇఱుకుకొనునంత సందులు పడును. శనగ కోసిన చేలలో మోళ్లు, పత్తికట్టె పీకిన చోట్ల పుల్లలు, గట్లవెంబడి కంపముళ్లు. ఊరిలోనికి వచ్చినచో వాకిండ్లనిండ బండపఱపు. బనగానపల్లె, బేతంచెర్ల ప్రాంతముల నాపరాయి మనకు సమీపముననే లభించుటచే, వసారాయు వాకిలియు బండలు పఱపించుకొనని యిల్లు అరుదు. ఉదయమున చల్లగానుండు ఆ బండయే మధ్యాహ్నము పన్నెండు గంటలకు పెనమగును.

ఈ ప్రాంతమున ఏప్రిల్, మే మాసములలో గాలి వేడిమి 40 డిగ్రీలు దాటుట సామాన్యము. అది నీడలో కొలిచిన వేడిమి యని మఱువరాదు. ఎండబడిన తారుబాటయు, రాతిబండయు గాలికంటె మిక్కిలి యధికముగా కాగి, 60 డిగ్రీల వఱకు పోగలవు. అరువది డిగ్రీల వేడినీరు అయిదాఱు సెకండ్లలోనే పెద్దవారి చర్మమును కాల్చివేయును. రాతి వేడి నీటి వేడియంత త్వరగా అంటకపోవచ్చును. కాని పసివారి చర్మము మనదానికంటె పలుచన.

ఇది మేము పుస్తకములు చూచి నేర్చుకొన్నది కాదు. నిరుటి వేసవిలో మా యింట జరిగిన సంగతి చెప్పెదము.

సెలవులకు మూడేండ్ల మనుమరాలు వచ్చెను. ముద్దుకొలది బజారునకు తీసికొనిపోయి, అడుగు వేసినప్పుడెల్ల కీచుమని కూయు చెప్పులు కొంటిమి. గులాబి రంగు, ముందువైపు మూసిన ప్లాస్టిక్కు, దానిపై కుందేలు బొమ్మ. "ఎదిగే బిడ్డ, దసరా దాక రానీ" యని రెండు కొలతలు పెద్దవి తీసికొంటిమి. మొదటి దినమున ఇల్లంతయు కూతలే. రెండవ దినమున రెండుసార్లు బోర్లపడెను. మూడవ దినమున ఒక చెప్పులోని కూత ఆగిపోయెను. "ఇవి కుయ్యడం ల్యా అవ్వా, నాకొద్దు" అని విసరివేసి, ఐసుబండి గంట వినబడగానే వాకిలిలోనికి పరుగెత్తెను. నట్టనడుమ బండమీద ఆగిపోయి, ముందుకు పోలేక, వెనుకకు రాలేక నిలువున ఏడ్చుచుండగా, మా యింట పనిచేయు అమ్మాయి పరుగున పోయి ఎత్తుకొనెను. రెండు అరికాళ్లకును పొక్కులు లేచెను.

పండ్లపేస్టు రాయుమని ఒకరు, సిరా పూయుమని యొకరు చెప్పిరి. అవి రెండును కూడవు. కాలిన చోటును చల్లని నీటిధార క్రింద 20 నిమిషములుంచి, పొక్కులు చిదుపక, శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి వైద్యునికి చూపవలెను. మంచుగడ్డ పెట్టరాదు. మేమట్లే చేసితిమి, వారము దినములకు బిడ్డ కోలుకొనెను.

ఆ సాయంకాలము మఱియొక సంగతి మా కంటబడెను. పనిచేయు అమ్మాయికి అయిదేండ్ల కొడుకు గలడు. తల్లివెంట దినమును వచ్చి వాకిట ఒంటికాలిమీద ఒకసారి, రెండవకాలిమీద ఒకసారి గంతులు వేయుచుండును. మేమది ఆటయనుకొని నవ్వుకొనువారము. ఆనాడు, "నీకు కాళ్లు కాలవట్రా?" యని యడిగితిమి. "కాల్తాయి అవ్వా. ఎగురుతా ఉంటే కాలవు" అనెను. మా వాకిటనే, మా కన్నులయెదుటనే, ఎన్ని దినములనుండి ఆ బిడ్డ అట్లు ఎగురుచుండెనో! మా మనుమరాలి పాదములు కాలువఱకు మాకు వాని పాదములు కనబడలేదు.

ఆ రాత్రి ఆలోచింపగా తప్పులన్నియు మావేయని తోచెను. బిడ్డ పాదమునకు గాక మా కంటికి చెప్పులు కొంటిమి. నడుచు నేలనుగాక కుందేలు బొమ్మను చూచితిమి. నేటి పాదమునకు గాక దసరా నాటి పాదమునకు కొంటిమి. చెప్పుల విషయమున ముఖ్యమైన మాట ఒక్కటియే: నేడున్న పాదమునకు, నడుచు నేలకు తగినవి కొనవలెను. తక్కినదంతయు దీనినుండియే వచ్చును.

మొదట పాదమును గూర్చి. పసివారి పాదములోని ఎముకలు చాలవఱకు మెత్తని మృదులాస్థిగా నుండి, ఏండ్లు గడచినకొలది గట్టిపడును. అందుచే ఇఱుకు చెప్పు బాధపెట్టకయే వ్రేళ్లను వంకర త్రిప్పగలదు. బిడ్డ చెప్పలేదు గనుక బాగున్నదని తలపరాదు. కస్తూర్బా వైద్య కళాశాలకు చెందిన రావు, జోసెఫ్ అను వైద్యులు 2,300 మంది పిల్లల అడుగుల అచ్చులు తీసి పరీక్షించి, 1992లో తమ ఫలితములను ప్రకటించిరి. చెప్పులు తొడుగు పిల్లలలో నూటికి 8.6 మందికి అరికాలి వంపు ఏర్పడక పాదము చదునుగానుండెను. తొడుగనివారిలో నూటికి 2.8 మందికే యట్లుండెను. తొడుగువారిలోను, ముందు మూసిన బూట్లవారికి ఎక్కువగాను, తెఱచిన చెప్పులవారికి తక్కువగాను కనబడెను.

దీనినిబట్టి చెప్పులే వలదని కాదు. ఇంటిలోపల, చల్లని శుభ్రమైన నేలమీద, బిడ్డను వట్టికాళ్లతో తిరుగనిండు. నడక నేర్చుకొను బిడ్డకు అదియే మంచి వ్యాయామము. గడప దాటునప్పుడు మాత్రము చెప్పులుండవలెను. అవి గాలియాడునవిగా నుండవలెను. మూడు నాలుగేండ్లలోపు పిల్లల పాదము చదునుగా కనబడుట సహజము గనుక, దానికై తల్లులు బెంగపడనక్కఱ లేదు.

కొలత తీయు విధము సులభము. పాదములు పగలెల్ల తిరుగుటచే సాయంకాలమునకు కొంచెము ఉబ్బియుండును గనుక, సాయంకాలమే కొలువుడు. దళసరి కాగితముపై బిడ్డను నిలువబెట్టి, పెన్సిలు నిలువుగా పట్టి రెండు పాదముల చుట్టును గీయుడు. కూర్చుండబెట్టి గీసినచో కొలత చిన్నదగును. రెండు పాదములు సమానముగా నుండకపోవచ్చును. పెద్దదానినే లెక్కకు తీసికొనుడు. ముందువైపు ఒక సెంటీమీటరు, అనగా మన బొటనవ్రేలి వెడల్పులో ఇంచుమించు సగము, అదనముగా విడిచి కత్తిరింపుడు. ఆ కాగితము దుకాణములో చెప్పుమీద మడతపడక అమరినచో ఆ చెప్పు తగినది.

దుకాణదారు చెప్పు అంకెలను మాత్రమే నమ్మరాదు. ఆంగ్లేయుల పద్ధతిలో ఒక్కొక అంకెకు తేడా అంగుళములో మూడవవంతు. అది ఒక యవగింజ పొడవు. మన పెద్దలు సయితము ఎనిమిది యవల వెడల్పును ఒక అంగుళముగా లెక్కించిరి గనుక మనకీ లెక్క వింతగా తోపదు. కాని ఆ అంకెలు పరదేశపు పాదములకు ఏర్పడినవి. మనవారి పాదములు ముందుభాగమున వెడల్పెక్కువ. చెన్నపట్టణములోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ లక్షమందికి పైబడిన భారతీయుల పాదములు కొలిపించి, 'భ' అను పేరుతో మన దేశమునకు తగిన క్రొత్త కొలతలను సిద్ధపఱచెను. ఈ సంగతి 2024లో వెల్లడియయ్యెను. కావున పొడవుతోపాటు వెడల్పును గూడ చూడుడు. చిటికెనవ్రేలు ప్రక్కకు ఒరసికొనరాదు.

ఇక ఎన్నుకొనవలసిన గుణములు. అడుగు అట్ట ముల్లు దిగనంత దళసరిగాను, వ్రేళ్లవద్ద చేతితో వంచిన వంగునంత మెత్తగాను ఉండవలెను. నడుమ విరిగినట్లు వంగునది పనికిరాదు. క్రింద గీతలుండవలెను, నున్ననిది తడి బండమీద జాఱును. మడమను పట్టియుంచు వెనుకపట్టీ తప్పనిసరి. వ్రేలి సందున పట్టెడతో నిలుచు హవాయి చెప్పులు పసివారికి తగవు. అవి జాఱకుండుటకై బిడ్డ వ్రేళ్లు ముడుచుకొని నడచును, పరుగెత్తిన బోర్లపడును. వెల్క్రో పట్టీ యుత్తమము. నాలుగేండ్ల బిడ్డ తానే తొడిగికొనగలదు. ముందు వ్రేళ్లకు చిన్న కాపుండి, ప్రక్కల తెఱపియున్నచో మోళ్లు తగులవు, గాలియు ఆడును. లోపల గుడ్డయో మెత్తని తోలో యున్న మేలు; వట్టి ప్లాస్టిక్కు చెమటపట్టి ఒరయును. నల్లని చెప్పు ఎండకు త్వరగా కాగును గనుక లేతరంగు మంచిది.

ముద్దు ముచ్చటలు వలదని మేమనము. వెనుకటి తరమువారు కిఱ్ఱుచెప్పులు తొడిగి వీధిలో నడచుచు గొప్పగా భావించుకొనలేదా? బిడ్డ ఎచటనున్నదో తెలియుటకు మన తల్లులు కాళ్లకు గజ్జెలు కట్టలేదా? నేటి కీచుచెప్పులును అట్టివే. బిడ్డకు ఇష్టమైన రంగు, బొమ్మ బిడ్డనే ఎన్నుకొననిండు. తాను కోరుకొన్న చెప్పును బిడ్డ విసరివేయదు. అయితే మొదట పాదమునకు తగినవి రెండు మూడు జతలు మీరు ఏర్పఱచి, వానిలోనే ఎన్నుకొననిండు. కూత గొట్టము, పూస, గుండీ ఊడివచ్చునేమో లాగి చూడుడు. ఊడినది బిడ్డ నోటికి పోవును. దీపములు వెలుగు చెప్పు అడుగు పగిలినచో వెంటనే పాఱవేయుడు. లోపలి బిళ్లవంటి బ్యాటరీ మ్రింగినచో ప్రాణాపాయము.

చెప్పులు వేడినుండియే కాక వేఱు కీడులనుండియు కాపాడును. తడినేలలోనుండు కొంకిపురుగు పిల్లలు వట్టికాళ్ల చర్మముగుండ దేహములోనికి చొచ్చి, ప్రేగులలో చేరి రక్తమును పీల్చి, బిడ్డను పాలిపోజేయును. కాలువగట్లు, బహిర్భూములు దీనికి తావులు. 2015 నుండి ఫిబ్రవరి, ఆగస్టు మాసములలో అంగనవాడీలలోను బడులలోను నులిపురుగుల మాత్రలు ఇచ్చుచున్నారు, తప్పక వేయింపుడు. ముల్లో మేకో దిగినచో ధనుర్వాతభయము గలదు గనుక, ఏడాదిన్నర ప్రాయమునను, అయిదాఱేండ్లకును వేయవలసిన టీకాలు మానరాదు. వేసవి రాత్రులు తేళ్లు చెప్పులలో దూఱును. ప్రతి యుదయమును తలక్రిందుగా తట్టి తొడుగు అలవాటు బిడ్డకు నేర్పుడు. సాయంకాలము కాళ్లు కడిగి వ్రేళ్ల సందులు తుడుచుట మఱువకుడు.

అహోబిలమువంటి క్షేత్రములకు పోవునప్పుడు చెప్పులు వెలుపల విడువవలసియే యుండును. బిడ్డలతో పోవువారు ప్రొద్దెక్కకముందే దర్శనము చేసికొని రావలెను. ఆలసించినచో బిడ్డను చంకనెత్తుకొనుటయే మార్గము. స్వామికి భక్తి చూపవలసినది మనము. పసిపాదముల నేల కాల్పవలెను?

ఖర్చు మాటయు చెప్పవలెను. 2020 నుండి మన రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు పుస్తకములతోపాటు బూట్లును, మేజోళ్లును ఇచ్చుచున్నారు. అది మేలే. కాని జూన్‌లో ఇచ్చిన బూటు మఱుసటి వేసవికి ఇఱుకగును, పైగా మూసినది. అన్న బూటు చెల్లెలికి తొడుగుట మన యిండ్లలో వాడుక. అడుగు ఒకప్రక్క అరిగిన చెప్పు క్రొత్త పాదమును అదే వంకరకు త్రిప్పును గనుక, అట్టిది ఇయ్యరాదు. ఆడపిల్లకు అన్నింటను పాతదే చాలునను నలవాటు చెప్పులతోనైనను మానుదము. మూడేండ్లలోపు వారికి రెండు మూడు నెలలకొకసారి, అటుపిమ్మట నాలుగైదు నెలలకొకసారి పాదము కొలిచి చూడవలెను గనుక, ఖరీదైన జత యొకటి కొనుటకంటె సామాన్యమైనవి తగిన కాలమున మార్చుట మేలు.

పొక్కులు మానిన పిదప మేము మరల ఆళ్లగడ్డకు పోయితిమి. ఈసారి మా చేతిసంచిలో రెండు కాగితపు పాదములుండెను: ఒకటి మనుమరాలిది, ఒకటి మా వాకిట గంతులు వేసిన బాలునిది. వాడు నీలిరంగు పట్టీలవి కోరుకొనెను. చెప్పులు తొడిగిన మొదటి దినమున కూడ వాడు బండమీద అలవాటుచొప్పున ఎగురుచునే యుండెను. కొంతసేపటికి ఆగి, రెండు కాళ్లును ఆనించి నిలిచి, క్రిందికి చూచికొనెను.

మన పిల్లలకు చెప్పులు కొనబోవునప్పుడు, మన యింటికి పనికై వచ్చువారి బిడ్డల కాళ్లను గూడ ఒకసారి చూడుడని సోదరీమణులను వేడుకొనుచున్నాము. కొలుచుటకు మఱియొక కాగితము చాలును.