‘అకీరా’ ఏ వయసుకు?

సంపాదకులకు,

కార్టూనే కదా, పదమూడేళ్ల పిల్లలకు ‘అకీరా’ నిక్షేపంగా చూపించవచ్చన్న గత సంచిక వ్యాసంతో ఏకీభవించలేను. కత్సుహిరో ఒటోమో 1988లో తీసిన ఈ సినిమాలో టోక్యో మొదట్లోనే బుగ్గి అవుతుంది. దానికి ఆ వయసువాళ్లు జడవరు, వీడియో గేముల్లో రోజూ చూస్తున్నదే. బైక్ ముఠా కవోరి అనే అమ్మాయి మీద పడి బట్టలు చించే ఘట్టం, చివర్లో ఆమె ప్రియుడు టెట్సువో ఒళ్లు అదుపు తప్పి ఉబ్బిపోయి ఆ పిల్లనే నలిపేయడం మాటేమిటి? వ్యాసకర్త వీటి ఊసే ఎత్తలేదు.

పదహారు దాటినవాళ్లకైతే పెద్దలు పక్కన కూర్చుని చూపించవచ్చు. స్నేహితుడు కనేడా మీద టెట్సువో పెంచుకున్న ఉక్రోషం వాళ్లకు బాగానే అర్థమవుతుంది. చిన్నవాళ్లకు ప్రళయానంతర లోకమే కావాలంటే మియజాకి తీసిన ‘నౌసికా’ (1984) ఉంది. అందులోనూ చావులున్నాయి లెండి.

– ఒక పాఠకురాలు, హనుమకొండ