బరువు శరీరానిది, భారం మాటలది

 

గత షాబాన్ మాసంలో ఒకనాడు అస్ర్ నమాజ్ ముగిసిన తరువాత నా పూర్వ విద్యార్థి ఒకడు మదరసాకు వచ్చాడు. జడ్చర్ల ప్రాంతపు అబ్బాయి. సౌదీలో డ్రైవరుగా మూడేళ్ళు పనిచేసి తిరిగి వచ్చాడు. నడుమ ఒక్కసారే సెలవుపై వచ్చి వెళ్ళాడు. యోగక్షేమాలు అయ్యాక కూడా లేవకుండా తల దించుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి గొంతు విప్పాడు.

“ఉస్తాద్, అడగాలంటే సిగ్గయితుంది. నేను పోయిన్నాడు ఇంట్ల ఉన్న మనిషి, ఇప్పుడున్న మనిషి ఒక్కరే అనిపిస్తలేదు. రెండో కాన్పు తర్వాత బాగా లావయింది. నేను తిడుతలేను, కొడుతలేను. కాని మనసు పోతలేదు. అమ్మీ ఏమో ఇంకో నికాహ్ మాట తీస్తుంది. నా మనసు ఇట్ల ఉండుడు గునాహేనా?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. సమాధానం తెలియక కాదు. ఆ ప్రశ్న నా సొంత ఇంటి తలుపునే తట్టింది. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను.

మన ఇళ్ళలో ఈ సమస్య గురించి ఎవరూ నోరు విప్పరు. విప్పితే పరిహాసంగానే విప్పుతారు. భర్త లోపల విసుక్కుంటాడు, భార్య లోపల కుమిలిపోతుంది. క్రమంగా పడక వేరవుతుంది, మాట తగ్గుతుంది. చివరికి పెద్దల ముందు పంచాయితీకి వచ్చేనాటికి ఎవరూ అసలు కారణం చెప్పరు. “వంట రాదు”, “ఎదురు మాట్లాడుతుంది” అని వేరే కారణాలు చెబుతారు. అందుకే ఈ నెల దీని గురించి దాపరికం లేకుండా మాట్లాడుకుందాం.

ముందుగా ఆ అబ్బాయి ప్రశ్నకు సమాధానం. మనసులో కలిగిన భావం, మన ప్రయత్నం లేకుండా కలిగినంత వరకు పాపం కాదు. దాని వెంట నడిచే మాట, చేత మన లెక్కలో రాయబడతాయి. సూరా నిసా పందొమ్మిదవ ఆయతులో అల్లాహ్ భర్తలను ఉద్దేశించి భార్యలతో ఉత్తమ రీతిలో కాపురం చేయమని ఆదేశించాడు. ఒకవేళ వారిలో ఏదైనా మీకు నచ్చకపోయినా, ఆ నచ్చని దానిలోనే ఆయన ఎంతో మేలు ఉంచి ఉండవచ్చునని కూడా తెలియజేశాడు. అంటే అయిష్టం కలగవచ్చునన్న సంగతిని మన సృష్టికర్త ముందే ఎరుగును. ఆయన అడిగేది ఆ అయిష్టంతో నీవు ఏం చేశావనే!

ఇక దైవప్రవక్త (సఅసం) ఇంట జరిగిన ఒక సంఘటన. దీనిని హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా ఉల్లేఖించారు. అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది. ఒక ప్రయాణంలో ప్రవక్త (సఅసం) ఆమెతో పరుగు పందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలం గడిచింది. ఆమె ఒళ్ళు చేశారు. మరొక ప్రయాణంలో మళ్ళీ పందెం జరిగింది. ఈసారి ప్రవక్త (సఅసం) గెలిచారు. నాటి ఓటమికి నేటి గెలుపు చెల్లు అన్న భావం వచ్చేలా చమత్కరించారు.

ఈ హదీసును మనం చాలాసార్లు విన్నాం, ఉల్లాసకరమైన కథగా చెప్పుకుని ముందుకు సాగిపోయాం. కాని ఒకటి గమనించండి. తన శరీరం బరువెక్కిందన్న మాటను ఆ ఉల్లేఖనంలో ఆయిషా (రజి) తమంతట తామే చెప్పుకున్నారు. ఆ మాటలో నొప్పి లేదు, సిగ్గు లేదు. ఎందుకు లేదు? ఆ విషయమై ఆమెను గాయపరిచిన మాట ఆ ఇంట ఏనాడూ వినబడలేదు గనుక! పైగా ఒళ్ళు పెరిగిందని ప్రవక్త (సఅసం) ఆమెను ఆటకు పిలవడం మానలేదు. మొదటి పందానికి ఏ ఉత్సాహంతో పిలిచారో, రెండవ పందానికీ అదే ఉత్సాహంతో పిలిచారు. మరి మనమో? భార్య ఒళ్ళు చేయగానే ఆమెను వెంట తీసుకువెళ్ళడమే మానేస్తాం.

మరొక సంఘటన విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ సౌదా (రజి)కి సంబంధించినది. ఆమె భారీకాయులు, నెమ్మదిగా నడిచేవారు. హజ్ సందర్భంగా ముజ్దలిఫా రాత్రి, జనసమ్మర్దం మొదలుకాక ముందే బయలుదేరడానికి అనుమతి కోరారు. ప్రవక్త (సఅసం) అనుమతించారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఈ హదీసు ఉంది. హజ్ వంటి మహత్తర ఆరాధనలో సైతం ఆమె శరీరస్థితిని బట్టి వెసులుబాటు లభించింది. “నీ వల్ల ఆలస్యం అవుతోంది” అన్న దెప్పిపొడుపు లేదు. ఇక మనం బస్టాండులో నాలుగు అడుగులు ముందు నడిచి, వెనక్కి తిరిగి కళ్ళు ఉరిమి చూసే భర్తలం!

ఇప్పుడు మన ప్రాంతపు పరిస్థితి చూద్దాం. మా చిన్నతనంలో పాలమూరు పల్లెల్లో జొన్న రొట్టె, జొన్న గట్క నిత్య భోజనం. అన్నం పండుగనాటి మాట. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. అటు నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ ప్రాంతమంతా వరి మాగాణి అయింది. ఆకలి తీరింది, అల్‌హమ్దులిల్లాహ్. కాని మూడు పూటలా తెల్లన్నమే పళ్ళెంలోకి వచ్చింది. మా నానమ్మ జొన్నలు దంచేది, బావి నుండి బిందెలు మోసేది. నేటి కోడలికి నల్లా ఇంట్లోనే ఉంది, మిక్సీ ఉంది. పగలంతా కుట్టుమిషను ముందు కూర్చున్న కూర్చోలు. పైగా పరదా పాటించే స్త్రీకి మన చిన్న పట్టణాలలో నాలుగు అడుగులు నడిచే చోటు ఎక్కడుంది?

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు చూస్తే మరో బాధ. దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కీళ్ళు పట్టేసిన వారు అక్కడ ఎందరో! అటువంటి ఇల్లాలితో “పొద్దున్నే నడవరాదూ?” అనడం తేలిక. ఆ మోకాళ్ళు ఆమెవి.

ఇంకొక సత్యం. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ప్రతి పదిమందికీ సుమారు ముగ్గురు అధిక బరువు గలవారు. పురుషులలోనూ లెక్క దాదాపు అంతే! కాని మగవాని పొట్టను మనం “సుఖపడ్డాడు” అంటాం, ఆడమనిషి నడుమును “ఏం తింటుందో” అంటాం. ఇది ఏ తక్కెడ? తన భార్యకు తాను అలంకరించుకుని కనబడడం తనకు ఇష్టమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్లు గ్రంథాలలో ఉంది. ఆమె అలంకరణను తాను కోరుకున్నట్లే, తన నుండి ఆమె కోరుకునేది కూడా హక్కేనని ఆయన భావన. సోదరా! అద్దం ముందు ఒక్కసారి నీవూ నిలబడు.

ఇప్పుడు నా ఇంటి సంగతి. ఇరవై ఏళ్ళ క్రితం మా అన్నగారి ఇంట అఖీఖా జరిగింది. అందరూ సొంతవాళ్ళే. మూడవ కాన్పు తరువాత మా ఇల్లాలు కాస్త ఒళ్ళు చేసింది. మా వదినె ఆమె గిన్నెలో డబుల్ కా మీఠా వడ్డించబోతే, “ఆమెకు వద్దు వదినే, ఇప్పటికే ఆటోవాడు ఇద్దరి చార్జీ అడుగుతున్నాడు” అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నేను గొప్ప చతురోక్తి విసిరానని మురిసిపోయాను.

ఆ తరువాత ఏ దావత్‌కు వెళ్ళినా ఆమె తినేది కాదు. “ఇంట్లో తిని వచ్చాను” అనేది. నేను ఎన్నడూ కారణం అడగలేదు. పదకొండేళ్ళ తరువాత, మా అమ్మాయి పెళ్ళి కుదిరిన రోజున ఆ పిల్లే చెప్పింది: “అబ్బా! పెద్దనాన్న ఇంట్లో మీరన్న మాట అమ్మీ ఇంకా మర్చిపోలేదు.” ఆ రాత్రి నేను నా భార్యను క్షమాపణ అడిగాను. ఆమె ఒక్క మాటే అంది: “ఇన్నేండ్లకు యాదికొచ్చిందా?”

క్షమించింది. కాని ఆ పదకొండేళ్ళ దావత్‌లలో ఆమె ఆకలితో కూర్చున్న పూటలను నేను తిరిగి ఇవ్వగలనా? ప్రతి సంవత్సరం విద్యార్థులకు సూరా హుజురాత్ పాఠం చెప్పే మనిషిని నేను. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దన్న ఆదేశాన్ని వివరంగా బోధించే నాలుకతోనే ఆ మాట అన్నాను. హజ్రత్ సఫియ్యా (రజి) పొట్టిగా ఉంటారని సూచిస్తూ ఒక మాట దొర్లినప్పుడు, సముద్రపు నీటిలో కలిపినా దానిని పాడుచేసేంతటి మాట అది అని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు. నా మాట ఒక పళ్ళెంలో కలిసింది. ఆ పళ్ళెం పదకొండేళ్ళు పాడైపోయింది.

దీని అర్థం బరువు గురించి పట్టించుకోవద్దని కాదు. శరీరం అల్లాహ్ అప్పగించిన అమానతు. మన దేహానికి మనపై హక్కు ఉందని ప్రవక్త (సఅసం) బోధించారు. కడుపులో మూడవ వంతు ఆహారానికి, మూడవ వంతు నీటికి, మిగిలినది శ్వాసకు విడిచిపెట్టమని కూడా బోధించారు. అధిక బరువు షుగర్, బీపీ, మోకాళ్ళ నొప్పులకు దారితీస్తుంది. కనుక పట్టించుకోవాలి, ప్రేమతో పట్టించుకోవాలి.

భర్తలకు నా విన్నపాలు ఇవి. మొదట వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. థైరాయిడ్ లోపం, నెలసరి సంబంధమైన హార్మోన్ల సమస్యలు, కొన్ని రకాల మందులు, నిద్రలేమి, దిగులు కూడా బరువు పెంచుతాయి. తిండి తగ్గించినా తగ్గని బరువుకు తిండిని నిందించడం అన్యాయం. ముప్పై ఏళ్ళు దాటిన వారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఆమెతోపాటు మీరూ చేయించుకోండి. నడుము కొలత పురుషునికి 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

రెండవది, ఇంటి పళ్ళెం మార్చండి, ఆమె పళ్ళెం మాత్రమే కాదు. మీరు బిర్యానీ తింటూ ఆమెకు రొట్టె పెట్టమంటే అది శిక్ష అవుతుంది. రాత్రి పూట జొన్న రొట్టె, ఆకుకూర ఇంటిల్లిపాదికీ మేలే. రంజాన్‌లో ఇఫ్తారు దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరం, నీళ్ళు, పండ్లు ఉంచి నూనె మిర్చీలను, పకోడీలను దూరం పెట్టండి.

మూడవది, కలిసి నడవండి. రాత్రి ప్రయాణాలలో ప్రవక్త (సఅసం) ఆయిషా (రజి) పక్కన సాగుతూ ముచ్చటించేవారని బుఖారీలో ఉంది. ఫజ్ర్ తరువాత వీధిలోనో, ఇషా తరువాత మిద్దె మీదనో అరగంట చాలు. ఆ అరగంటలో మాట కూడా తిరిగి మొదలవుతుంది.

సోదరీమణులారా! మీకూ ఒక మాట. బాధను మింగుకుని మౌనంగా ఉండకండి. “ఆ మాట నన్ను నొప్పించింది” అని ఏకాంతంలో, మర్యాదగా చెప్పండి. నా ఇంట ఆ మాట పదకొండేళ్ళు ముందే బయటపడి ఉంటే ఎంత బాగుండేది! భర్త కోసమే కాదు, మీ పిల్లల కోసం, సజ్దాలో నొప్పి లేకుండా వంగే మీ మోకాళ్ళ కోసం కూడా ఆరోగ్యాన్ని కాపాడుకోండి. భర్త పొట్ట చూసి పిల్లల ముందు నవ్వడం కూడా ఎగతాళియే.

ఇక అత్తలకు. అమ్మా! కోడలి ఒంట్లో పెరిగిన బరువులో మీ మనవల కాన్పులు కూడా ఉన్నాయి. కొడుకు ముందు రెండవ నికాహ్ మాట తీసే ముందు, మీ అల్లుడి ముందు అతని తల్లి అదే మాట తీస్తే మీ బిడ్డ గతి ఏమిటో ఆలోచించండి. బహుభార్యత్వానికి న్యాయమనే కఠిన షరతు ఉంది. విసుగు నుండి పారిపోయే దారిగా దానిని ఎవరూ వాడుకోరాదు.

ఆనాడు నా విద్యార్థితో ఈ మాటలన్నీ చెప్పలేదు. నా ఇంటి కథ చెప్పాను. ఆపై ఒకటి అడిగాను: “బేటా, భార్యాభర్తలను అల్లాహ్ ఒకరికొకరు వస్త్రాల వంటివారన్నాడు కదా! ఒళ్ళు పెరిగి చొక్కా బిగుతైతే ఏం చేస్తాం?” “దర్జీతోని కుట్లు విప్పిస్తం ఉస్తాద్” అన్నాడు. “మరి నీ మనసు కుట్లు విప్పించుకో” అన్నాను.

రంజాన్ తరువాత ఫోన్ చేశాడు. పరీక్షలో ఆమెకు థైరాయిడ్ లోపం తేలిందట. మందులు మొదలుపెట్టారు. “బరువు ఇంకా అంతగా తగ్గలేదు ఉస్తాద్. కాని ఈద్ నాడు ఇద్దరం కలిసి మా మామ ఇంటికి పోయినం. రెండేండ్ల తర్వాత ఆమె నలుగురిలో కూర్చొని షీర్ ఖుర్మా తాగింది” అన్నాడు. సౌదీకి తిరిగి వెళ్ళాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదట. అతని తల్లి ఇంకా ముభావంగానే ఉందట. దుఆ చేయమన్నాడు.

అల్లాహ్ మన భార్యాభర్తల నడుమ ప్రేమను, కారుణ్యాన్ని నిలిపి ఉంచుగాక! మన నాలుకల నుండి మన ఇంటివారిని సురక్షితంగా ఉంచుగాక! ఆమీన్.