పాత ఆటల పాటలు: స్వరలిపి ఒక్కటే, నాదాలు వేరు

ఒక కృతిని స్వరపరచి పుస్తకంలో అచ్చు వేసినంత మాత్రాన ఆ పుట సంగీతం కాజాలదు. అదే కృతి వీణపై ఒక విధంగా, నాదస్వరంపై మరొక విధంగా భాసిస్తుంది. ఈ సంగతి ఎరిగిన తెలుగువారికి పాత కంప్యూటర్ ఆటల అభిమానుల మధ్య నేటికీ సాగుతున్న ఒక వివాదం సులభంగానే బోధపడుతుంది. 1980, 90 దశకాలలో ఆటలకు సంగీతాన్ని అందించిన యంత్రాలలో ఏది శ్రేష్ఠమన్నదే ఆ వివాదం. నిజానికి ఆ ప్రశ్ననే మార్చి అడగవలసి ఉన్నది.

1983లో వెలువడిన 'మిడీ' పద్ధతి ధ్వనిని పంపదు, ఆజ్ఞలను పంపుతుంది. ఏ స్వరం, ఎంత బలంగా, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో మాత్రమే అందులో ఉంటుంది. అందువల్లనే ఒక ఆటకు కావలసిన సంగీతమంతా చిన్న ఫ్లాపీలలో ఇమిడిపోయింది. ధ్వనిని పుట్టించే భారం మాత్రం వినేవారి ఇంటనున్న యంత్రంపై పడింది.

ఆ యంత్రాలలో సామాన్యులకు అందుబాటులోకి వచ్చినది 1987 నాటి యాడ్‌లిబ్ కార్డు. అందులోని యమహా వై.ఎం.3812 చిప్ ఒక తరంగంతో మరొక తరంగపు పౌనఃపున్యాన్ని అతివేగంగా మారుస్తూ నాదాన్ని సృష్టించేది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ చౌనింగ్ 1967లో కనుగొన్న సూత్రమే దీనికి ఆధారం. ఒకేసారి తొమ్మిది స్వరాలు పలికే ఈ చిప్‌నే 1989లో సౌండ్ బ్లాస్టర్ కార్డులోనూ అమర్చారు. గంటలు, లోహపు మోతలు ఇందులో చక్కగా పలికేవి; వయొలిన్ మాత్రం వయొలిన్ అనిపించేది కాదు.

అదే 1987లో వచ్చిన రోలాండ్ ఎం.టి.-32 మార్గం వేరు. వాద్యాన్ని చెవి గుర్తుపట్టడంలో స్వరం పుట్టే తొలి క్షణానికి ఎంతో ప్రాధాన్యం ఉన్నది. పియానోలో సుత్తి తీగను తాకే చప్పుడు, వేణువులో గాలి తొలి తాకిడి వంటివే ఆనవాళ్ళు. జ్ఞాపక చిప్‌లు ఖరీదైన ఆ రోజుల్లో, రోలాండ్ ఇంజనీర్లు ఆ తొలి క్షణపు ధ్వనులను మాత్రం అసలు ధ్వనుల నుండి భద్రపరచి, తరువాతి భాగాన్ని యంత్రం చేతనే సృష్టింపజేశారు. అంతేకాక, ఆటలు తమకు కావలసిన కొత్త నాదాలను తామే ఈ యంత్రంలోకి ఎక్కించుకోగలిగేవి. సియెర్రా సంస్థ 1988లో విడుదల చేసిన 'కింగ్స్ క్వెస్ట్ 4'కు విలియం గోల్డ్‌స్టీన్ సంగీతం కూర్చారు. ఎం.టి.-32పై ఆ సంగీతం విన్నవారికి ఆటల సంగీతంపై ఉన్న చులకన భావం తొలగిపోయింది.

1991లో 'జనరల్ మిడీ' ప్రమాణం ఏర్పడి 128 వాద్యాలకు స్థిరమైన సంఖ్యలు నిర్ణయించింది. ఆ ఏడాదే వచ్చిన రోలాండ్ సౌండ్ కాన్వాస్ ఎస్.సి.-55 నిజ వాద్యాల నమూనాలతో 24 స్వరాలను ఒకేసారి పలికించేది. 1993 నాటి 'డూమ్'కు బాబీ ప్రిన్స్ కూర్చిన సంగీతానికి ఈ యంత్రమే ఆధారం.

చిక్కు ఇక్కడే వచ్చింది. జనరల్ మిడీలో 33వ సంఖ్య మంద్రస్థాయి బాస్ వాద్యానిది, ఎం.టి.-32లో అదే సంఖ్య 'ఫాంటసీ' అనే కల్పిత నాదానిది. కనుక ఎం.టి.-32 కోసం కూర్చిన సంగీతాన్ని యథాతథంగా ఎస్.సి.-55కు అందిస్తే, కొత్త యంత్రం మెరుగైనదే అయినా సంగీతం చెడుతుంది. ఇందులో యంత్రం దోషమేమీ లేదు, అడిగినవారి దోషమే. ఏది గొప్పదని కాక, స్వరకర్త ఏ నాదాన్ని మనసులో ఉంచుకొని కూర్చాడని అడగాలి. యాడ్‌లిబ్ కోసమే కూర్చిన ఆటను యాడ్‌లిబ్‌లోనే వినాలి. ఆ లోహపు గొంతే దానికి నిజమైన గొంతు.

అసలు యంత్రం ఇంట ఉంటే తప్ప అసలు అనుభూతి కలగదని సేకర్తలు వాదిస్తారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని కెపాసిటర్లు కాలక్రమేణా పాడవుతాయి, యంత్రాల సంఖ్య తగ్గుతూ పోతుంది. ఎం.టి.-32 పనితీరును అనుకరించే 'మంట్' వంటి సాఫ్ట్‌వేర్ ఈ నాదాన్ని సామాన్యులకు సైతం అందిస్తున్నది. అయితే అనుకరణ సరిగా ఉన్నదో లేదో తేల్చడానికి అసలు యంత్రం పలికిన నాదమే గీటురాయి. ఆ యంత్రాలు మూగబోక ముందే వాటి ధ్వనిని రికార్డు చేసి ఉంచడం తక్షణ కర్తవ్యం.

1990 దశకంలో విదేశాలలో ఇల్లు కట్టుకొన్న తెలుగు కుటుంబాలలో పిల్లల కోసం కంప్యూటర్లు కొన్నవారెందరో ఉన్నారు. గరాజులలో, అటకలపై ఆనాటి కార్డులు, ఫ్లాపీలు ఇంకా కొన్ని మిగిలి ఉండవచ్చు. వాటిని చెత్తబుట్ట పాలు చేసే ముందు ఒక్కసారి విప్పి చూడడం మంచిది. తాతగారి స్వరాల పుస్తకాన్ని భద్రపరచిన ఇంట్లోనే ఆయన వీణను చెదలకు వదిలివేయడం ఎంత అవివేకమో, సంగీతపు ఫైళ్ళను దాచుకొని వాటిని పలికించిన యంత్రాన్ని పారవేయడమూ అంతే అవివేకం.