పచ్చి పెంట గేటు దాటకూడదు

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకిందని భోపాల్ ల్యాబ్ తేల్చగానే యంత్రాంగమంతా కదిలింది. కిలోమీటరు మేర ఆంక్షలు, పది కిలోమీటర్ల దాకా నిఘా, ఒళ్లంతా కప్పుకున్న సిబ్బంది. మంచి పనే. మరి కోళ్లు నిక్షేపంగా గుడ్లు పెడుతున్న రోజుల్లో షెడ్డు కింద పేరుకునే పెంటను పట్టించుకునేవాడేడీ?

సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ పేగుల నిండా ఉన్నా చాలాసార్లు కోడి హుషారుగానే తిరుగుతుంది. రెట్టతో బయటపడ్డ ఆ క్రిములు మన నోట్లోకి చేరితే జ్వరం, రక్త విరేచనాలు. పసిపిల్లల్లో, ముసలివాళ్లలో రక్తంలోకీ పాకుతాయి. కాంపైలోబాక్టర్ సోకి తగ్గాక కొద్దిమందికి గులియన్ బారే సిండ్రోమ్ వచ్చి కాళ్లూ చేతులూ చచ్చుబడతాయి. 2025 మొదట్లో పుణేను వణికించిన ఆ జబ్బులో కొందరు రోగుల నమూనాల్లో దొరికింది ఈ క్రిమే.

మందేస్తే తగ్గదా అంటారు. ఆ మందులనే ఏళ్ల తరబడి కోళ్ల దాణాలో కలిపారు! వేరే మందులేవీ పనిచేయనప్పుడు డాక్టర్లు ఆఖరుగా వాడే కొలిస్టిన్‌నూ వదల్లేదు. 2019 జులైలో కేంద్రం దాన్ని పశువులకు, కోళ్లకు, ఆక్వాకు నిషేధించాల్సి వచ్చింది. మందుకు లొంగని క్రిములు కూడా ఈ పెంటలోనే బయటికొస్తాయి.

ఎరువు కోసమని ఈ పెంటనే లారీల్లో ఊళ్లకు పంపుతున్నారు. ఉప్పాడ వైపు ఆ బస్తాలు దించే కుర్రాళ్లను చూడండి. చేతులకు తొడుగుల్లేవు, ముక్కుకు తువ్వాలు తప్ప అడ్డు లేదు. గోళ్లలో పెంట నల్లగా ఇరుక్కుని ఉండగానే బజ్జీ తుంచి నోట్లో పెట్టుకుంటారు. ఒలికిన చోట ముసిరిన ఈగలే ఎండుచేపల మీదా వాలతాయి. దీన్ని వాసన సమస్య అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇది రోగాన్ని లారీకెత్తి ఊళ్లకు పంచడం.

ఎరువు వద్దనడం లేదు, మాగబెట్టి పంపమంటున్నాను. గుట్టగా పోసి, లోపల 55 డిగ్రీల వేడి 15 రోజులు నిలిచేలా చూస్తూ, ఆ లోపు కనీసం అయిదుసార్లు తిరగేస్తే ఈ క్రిములు చాలావరకు చస్తాయి. అందుకు కావలసింది పొడవాటి థర్మామీటరు, పారలు, ఓపిక. ఖర్చు గిట్టదంటారా? ఆ ఖర్చు ఇప్పుడు కూలివాడి ఇంట్లో సెలైన్ బాటిల్‌గా తేలుతోంది. అది ఫారం యజమానే భరించాలి. ఏ రోజు ఎంత వేడి ఉందో రాసిన కాగితం చూపించని లారీని అధికారులు ఉప్పాడ దారిలోని పిఠాపురంలోనే ఆపి వెనక్కి తిప్పాలి.